డూమ్ దెయ్యాలూ, మన మెయింటెనెన్సు ప్రాజెక్టులూ

ఇంకొకళ్ళు రాసిన కోడు చదివి అర్థం చేసుకోవడం ఎలాగో కొత్తగా చేరిన పిల్లలకి నేర్పాలంటే, నన్నడిగితే రెండు వారాల ట్రెయినింగు అక్కర్లేదు. డూమ్ ఆట మీద అభిమానులు చేసిన వీడియోలు ఓ పది చూపిస్తే చాలు. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా.

డూమ్ గురించి మనవాళ్ళకి పెద్దగా పరిచయం అక్కర్లేదు. 1993 డిసెంబరులో ఐడీ సాఫ్టువేరు వాళ్ళు వదిలారు. తుపాకీ పట్టుకుని గదులన్నీ తిరుగుతూ కనబడిన దెయ్యాన్నల్లా కాల్చుకుంటూ పోవడమే కథ. 1997 డిసెంబరులో జాన్ కార్మాక్ దాని సోర్సు కోడు బయటపెట్టాడు. మొదట్లో లైసెన్సుకి కొన్ని షరతులుండేవి, 1999లో దాన్ని జీపీఎల్ కిందకి మార్చారు. ఈ వీడియోలన్నిటికీ పునాది అదే. ఆ కోడు బయటికి రాకపోతే ఎవరేం చెప్పినా ఊహాగానాలే అయ్యేవి.

యూట్యూబులో డెసినో అనే చానెల్ ఉంది, ఇంకా అలాంటివి కొన్ని ఉన్నాయి. వాటి పద్ధతి చూడండి. ముందు ఆటలో కనబడే ఒక వింత చూపిస్తారు. ఇదెందుకిలా జరుగుతోంది అని అడుగుతారు. తర్వాత కోడులో సరిగ్గా ఆ నాలుగు లైన్ల దగ్గరికి తీసుకెళ్తారు. బొమ్మ గీసి, అంకెలు వేసి, మళ్ళీ ఆటలోకొచ్చి రుజువు చేస్తారు. అంతే. సోది ఉండదు.

ఉదాహరణకి, డూమ్‌లో దెయ్యాలు వాటిలో అవి కొట్టుకుంటాయి. ఒకటి మీమీదకి విసిరిన నిప్పుబంతి దారిలో ఇంకో జాతి దెయ్యానికి తగిలితే అది మిమ్మల్నొదిలేసి దాని మీద పడుతుంది. ఒకే జాతివైతే నిప్పుబంతి తగిలినా దెబ్బ ఉండదు, కాబట్టి గొడవా ఉండదు. కానీ తుపాకీ పట్టుకున్న జాంబీలు మాత్రం సొంత జాతి వాణ్ణి కూడా చంపుకుంటాయి. ఎందుకంటే ఈ జాతి తనిఖీ ఎగిరి వచ్చే నిప్పుబంతుల్లాంటి వాటికే రాశారు, తూటాలకి లేదు. పైగా ఒకసారి పగబట్టిన దెయ్యంలో 100 నుంచి కిందకి లెక్క మొదలవుతుంది. అది సున్నాకొచ్చేదాకా, లేదా శత్రువు చచ్చేదాకా, వేరే ఎవరు కొట్టినా పట్టించుకోదు. ఒక్క ఆర్చ్‌వైల్‌కి మాత్రం ఈ లెక్క వర్తించదు, కొట్టిన వాడి మీదకి వెంటనే తిరుగుతుంది. దాని మీద మాత్రం ఏ దెయ్యమూ పగబట్టదు! రెండు మినహాయింపులూ ఒకే ఇఫ్ స్టేట్‌మెంటులో ఉన్నాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది గోడల్లోంచి నడిచే దెయ్యం సంగతి. దెయ్యం చచ్చినప్పుడు కోడు దాని ఎత్తుని నాలుగో వంతుకి తగ్గిస్తుంది. ఆర్చ్‌వైల్ వచ్చి శవానికి ప్రాణం పోసినప్పుడు ఎత్తుని నాలుగుతో హెచ్చవేస్తుంది. లెక్క బాగానే ఉంది కదా? కానీ మధ్యలో ఆ శవం పైకప్పు కింద పడి నలిగిపోయిందనుకోండి, దాని ఎత్తూ వ్యాసార్ధమూ రెండూ సున్నా అయిపోతాయి. సున్నాని నాలుగుతో హెచ్చవేస్తే ఎంత? వ్యాసార్ధాన్నైతే అసలు ఎవరూ వెనక్కి తేరు. దాంతో ఆ దెయ్యం గోడల్లోంచి నడిచేస్తుంది, తూటాలు దాంట్లోంచి దూసుకుపోతాయి. ఇది బగ్గే, కాదనను. కానీ మన కోడులో ఇలాంటివి ఎన్ని లేవు? ఒక ఫంక్షను మార్చిన విలువ ఇంకో ఫంక్షను మార్చలేదనుకుని రాసినవి?

ఇక్కడే అసలు విషయానికొస్తున్నా. మన ఇండస్ట్రీలో మెయింటెనెన్సు ప్రాజెక్టు అంటే శిక్ష. "వాడికి సపోర్టులో పడింది, పాపం" అంటాం. పాత కోడు చదివేవాడికి పేరుండదు, కొత్తది రాసేవాడికే ప్రమోషను. ఓ మనిషి ఉద్యోగం మానేస్తున్నాడంటే ఆఖరి వారంలో కేటీ అని హడావిడి చేస్తాం. నలభై స్లైడ్లలో బాణాలూ డబ్బాలూ ఉంటాయి. ఈ షరతు ఇక్కడ ఎందుకుంది అన్న ప్రశ్నకి మాత్రం జవాబుండదు. నేను పనిచేసిన ఒకచోట నెలాఖరు రోజున మాత్రమే అమల్లోకొచ్చే ఒక షరతు ఉండేది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలీదు. తీసేసే ధైర్యమూ ఎవరికీ లేదు. దేవుడి గదిలో తాళం పోయిన పెట్టెలాగ, తరతరాలుగా దానికి దణ్ణం పెట్టుకుంటూ వచ్చాం :)

ముప్ఫై ఏళ్ళ నాటి ఆటలో పెయిన్ ఎలిమెంటల్ లాస్ట్ సోల్స్‌ని వదలడం ఎన్ని దగ్గర ఆపేస్తుందో (అప్పటికే 20 మించి ఉంటే వదలదు) ప్రపంచంలో వేలమందికి తెలుసు. మన జీతాలూ పెన్షన్లూ లెక్కగట్టే కోడులో ఆ 20 ఎక్కడుందో ఎంతమందికి తెలుసంటారు?

"ఆ వీడియోలు పని లేనివాళ్ళు చేసేవి, మనకి డెడ్‌లైన్లున్నాయి" అంటారు కొందరు మిత్రులు. సరే. కానీ అదే డెడ్‌లైన్ల మధ్య అదే పాత కోడుని ఆరునెలలకోసారి కొత్తవాడొకడు మొదట్నుంచీ తవ్వుకుంటున్నాడు కదా, ఆ గంటలు ఎవరి ఖాతాలో వేద్దాం? "మా కోడు క్లయింటుది, బయట పెట్టకూడదు" అనేది ఇంకో మాట. నిజమే. బయట పెట్టమని ఎవరన్నారు? టీములో పక్క సీటు వాడికి చూపించడానికి ఏ లైసెన్సు అడ్డం?

ఇంకో సంగతి మర్చిపోతున్నాం. మనవాళ్ళు ఇంతమంది ఈ రంగంలోకి రావడానికి పెద్ద ఊతం ఇచ్చింది వైటూకే పని. అమీర్‌పేటలో కోబోల్ నేర్చుకుని విమానమెక్కిన తరం అక్కడికెళ్ళి చేసిందేమిటి? ఇరవై, ముప్ఫై ఏళ్ళ క్రితం ఎవరో రాసిపెట్టిన కోడు చదవడం, సంవత్సరానికి రెండంకెలే ఎక్కడెక్కడ వాడారో వెతకడం, మిగతాది చెడిపోకుండా దిద్దడం. అంటే మన ఇళ్ళు నిలబడింది పాత కోడు చదవడం మీదే. ఇప్పుడు ఆ పనినే చిన్నచూపు చూడటం నా మట్టుకు నాకు అన్యాయమనిపిస్తుంది. పైగా ఇవాళ కోడు రాసిపెట్టడానికి యంత్రాలు కూడా వచ్చేశాయి. ఇకమీద మనకి మిగిలే పనిలో ఎక్కువ భాగం చదవడమే.

డూమ్ అభిమానుల్లో ఇంకో మంచి గుణం కూడా ఉంది. వాళ్ళు పాత కోడుని వెక్కిరించరు. చాక్లెట్ డూమ్ అని ఒకటుంది, అసలు ఆట ఎలా ప్రవర్తించేదో బగ్గులతో సహా అలాగే ఉంచడం దాని లక్ష్యం. ఎందుకంటే ఆ బగ్గుల మీద ఆధారపడి జనం మ్యాపులు తయారుచేసుకున్నారు, ఆడిన ఆటలు రికార్డు చేసి దాచుకున్నారు. ఒక్కటి దిద్దితే ఆ రికార్డులు దారి తప్పొచ్చు. ప్రొడక్షనులో ఉన్న సిస్టం ముట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన సత్యమే ఇది. కాకపోతే మనం తిట్టుకుంటూ తెలుసుకుంటాం, వాళ్ళు ఇష్టంగా తెలుసుకున్నారు.

నేను కోరేది పెద్దదేం కాదు. మీ సిస్టంలో మీకు మాత్రమే తెలిసిన వింత ఒకటి ఉండే ఉంటుంది. దాని మీద పది నిమిషాలు స్క్రీను రికార్డు చేయండి. ముందు వింత చూపించండి, తర్వాత ఆ నాలుగు లైన్లు, తర్వాత ఎందుకు అన్నది. టీము ఫోల్డరులో పడేయండి. మేనేజరు అడగడు, అప్రైజల్లో మార్కులూ పడవు. కానీ మీరెళ్ళిపోయిన రెండేళ్ళకి, అర్ధరాత్రి పేజరు మోగి లేచిన కుర్రాడెవడో అది చూసి, మీ మొహం కూడా తెలీకుండా మీకు దణ్ణం పెట్టుకుంటాడు.