కత్తి వదిలినవాడికి పార ఎవరిస్తారు?

పద్నాలుగేళ్లు జైల్లో ఉన్న మనిషి ఊరికి వస్తాడు. బస్సు దిగి రచ్చకట్ట ముందు నుంచి నడుస్తాడు. కూర్చున్నవాళ్లు మాటలు ఆపేస్తారు. ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి పిలుస్తారు. "కత్తి పట్టినోడిని చేనికి పిలిస్తే ఎట్ల?" అని రైతులు వెనకాడతారు. చనిపోయినవాడి ఇంట్లో పాత ఏడుపు మళ్లీ మొదలవుతుంది. వారం తిరక్కుండానే అతడిని ఆప్యాయంగా పలకరించేవాడు ఊళ్లో ఒక్కడే మిగులుతాడు. ఆనాడు అతడి చేతికి కత్తి ఇచ్చినవాడే ఆ ఒక్కడు!

ముఠా కక్షలు చూసిన అనంతపురం జిల్లా పల్లెలకు ఇది కొత్త సంగతి కాదు. శిక్ష పూర్తయితే మనిషి మారినట్లేనని ప్రభుత్వం అనుకుంటుంది. వాడు ఎప్పటికీ మారడని ఊరు అనుకుంటుంది. రెండూ పొరపాటే. మనిషిని మార్చడానికి ఒక పద్ధతి ఉంది. అందులో సగం పని జైలులో జరగాలి, మిగతా సగం ఊళ్లో జరగాలి.

ఆలోచనకు వైద్యం

జైలు మనిషిని కొంతకాలం ఊరికి దూరంగా ఉంచగలదు. కాని అతడి చేత నేరం చేయించిన ఆలోచన అతడితోనే జైలుకు పోతుంది, అతడితోనే తిరిగి వస్తుంది. ఆ ఆలోచనను పట్టుకుని సరిచేసేదే మానసిక చికిత్స. అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో దిగులు జబ్బుకు ఇటువంటి చికిత్స రూపొందించారు. తర్వాతి కాలంలో అదే దారిలో ఖైదీలకు కూడా చికిత్సలు తయారయ్యాయి.

ఆ పద్ధతి మన ఊరి ఉదాహరణతోనే అర్థం చేసుకోవచ్చు. తిరునాళ్లలో ఒకడు మీసం తిప్పాడు. చూసినవాడికి 'నన్ను చూసే తిప్పాడు' అనిపించింది. 'ఊరుకుంటే నలుగురూ చేతగానివాడంటారు' అనుకున్నాడు. 'కొడితే తప్ప పరువు దక్కదు' అనే నిర్ణయానికి వచ్చేశాడు. కడుపులో సారా కూడా ఉంటే ఇదంతా నిమిషంలో అయిపోతుంది. తర్వాత అడిగితే "కోపం వచ్చింది, చేశాను" అంటాడు. నడుమ నడిచిన మూడు ఆలోచనలు అతడికి గుర్తే ఉండవు.

చికిత్సలో ఖైదీలను చిన్న జట్లుగా కూర్చోబెడతారు. ఆ రోజు ఏం జరిగింది, మనసులో ఏ మాట మెదిలింది, వేరే దారి ఏముండేది అని అడుగుతారు. ఒకడు తిట్టేవాడిగా, మరొకడు తిట్లు తినేవాడిగా నటించి, తగాదా నుంచి తప్పుకోవడం సాధన చేస్తారు. చనిపోయినవాడి భార్య ఏమనుకుంటుందో ఆలోచించి చెప్పమంటారు. విడుదలయ్యాక ఏ స్నేహాలు, ఏ చోట్లు తనకు ప్రమాదమో ఖైదీ తానే గుర్తించాలి. ఇది బుజ్జగింపు కాదు. చేసిన తప్పును సాకులు లేకుండా ఒప్పుకోవలసి ఉంటుంది గనుక చాలామందికి ఇది కష్టంగానే ఉంటుంది.

ఫలితం ఉందా?

ఉంది. లాండెన్‌బర్గర్, లిప్సే అనే ఇద్దరు పరిశోధకులు ఇటువంటి చికిత్సలపై జరిగిన 58 అధ్యయనాలను కలిపి లెక్కగట్టి 2005లో ఫలితం ప్రకటించారు. చికిత్స లేకుంటే వందకు 40 మంది మళ్లీ నేరం చేసేచోట, చికిత్స పొందినవారిలో ఆ సంఖ్య 30కి తగ్గింది. పదిమంది తగ్గడమంటే ఎన్ని ఇళ్లలో ఏడుపు తప్పినట్లో ఆలోచించండి.

అయితే చికిత్స అని పేరు పెట్టి ఏది చేసినా ఫలితం రాదు. ఇంగ్లండులో లైంగిక నేరస్తులకు ఏళ్ల తరబడి నడిపిన ఒక కార్యక్రమాన్ని 2017లో ఆపేశారు. అందులో చేరినవారిలో వందకు 10 మంది, చేరనివారిలో 8 మంది మళ్లీ ఆ నేరాలే చేసినట్లు లెక్కల్లో తేలింది. కాబట్టి శిక్షణ పొందిన నిపుణుడు ఉండాలి, పని శ్రద్ధగా సాగాలి, ఫలితాన్ని కొలిచి చూడాలి. వారానికొక ఉపన్యాసం ఇప్పించి ఫొటో తీయించుకుంటే సరిపోదు.

మన దగ్గర ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అనంతపురం పక్కనే రెడ్డిపల్లిలో 1965లోనే ఆరుబయలు జైలు పెట్టారు. సత్ప్రవర్తన గల ఖైదీలు అక్కడ ఎత్తైన గోడలు లేకుండానే సేద్యం చేశారు. తెలంగాణ జైళ్లలో 'ఉన్నతి' పేరుతో ఖైదీల ఆలోచనా తీరును మార్చే శిక్షణ నడిపారు. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలులోనైనా మానసిక వైద్య విభాగం ఉండాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. రాష్ట్రానికి ఒకటి ఉంటే మన జిల్లా ఖైదీకి ఒరిగేదేమిటి? ప్రతి జిల్లా జైలుకూ ఒక మనస్తత్వ నిపుణుడిని నియమించాలి.

చనిపోయినవాడి ఇంటి మాటేమిటి?

"చంపినవాడికి వైద్యమా? మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషికి దిక్కెవరు?" అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. చికిత్స ఇచ్చినంత మాత్రాన శిక్ష తగ్గించనక్కరలేదు. బాధితులకు పరిహారం ఇచ్చే పథకం చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఊరకుండిపోయే కుటుంబాలకు పంచాయతీవారు దగ్గరుండి దరఖాస్తు రాయించాలి.

డబ్బు ఒక్కటే చాలదు. ఆ ఇంట్లో పదేళ్ల పిల్లవాడికి రోజూ తండ్రి ఫొటో చూపించి "పెద్దయ్యాక నీవే పగ తీర్చాలి" అని చెప్పి పెంచితే వాడి గతి ఏమవుతుంది? వాడికి కూడా మనసు విప్పి మాట్లాడే మనిషి కావాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ వారు ఉచితంగా సలహా ఇస్తారు. జైలు నుంచి వచ్చినవాడూ చేయవచ్చు, బాధితుల ఇంటివారూ చేయవచ్చు.

ఊరు చేయవలసింది

ఖైదీ విడుదలకు నెల రోజుల ముందే జైలు అధికారులు, ప్రొబేషన్ అధికారి ఊరికి వచ్చి పెద్దలతోనూ, బాధితుల కుటుంబంతోనూ వేరువేరుగా మాట్లాడాలి. బయటికి వచ్చాక కనీసం ఏడాదిపాటు జిల్లా ఆసుపత్రిలో నెలకొకసారి అతడికి కౌన్సెలింగ్ సాగాలి. జైలులో నేర్చుకున్నది ఊరి ఒత్తిడికి చెదిరిపోకుండా ఉండాలంటే ఇది తప్పదు.

అధికారులు చేయలేనివి మనం చేయాలి. అతడిని అల్లుడిలా ఆదరించమని ఎవరూ అనడం లేదు. బాధితుల గడప తొక్కకుండా, సారా అంగడి వైపు పోకుండా ఊరి పెద్దలు కట్టడి చేయవచ్చు. వేరుశనక్కాయ పీకేటప్పుడు, చీనీ తోటలో పాదులు తీసేటప్పుడు కూలికి పిలవవచ్చు. ఎన్నికలప్పుడు అతడిని జీపులో తిప్పి జనాన్ని బెదిరించే నాయకుడికి ఓటు వేయకుండా ఉండవచ్చు.

జైలు నుంచి వచ్చినవాడికి మొదటి వారంలో ఎవరు అన్నం పెడితే వాళ్ల మాటే వింటాడు. అందుకని పాత నాయకుడి కబురు అందకముందే ఊరి పెద్దలు కబురు పంపాలి. ఈసారి ఎవరైనా విడుదలై వస్తున్నారని తెలిస్తే మన సర్పంచులు ఆ పని చేస్తారా?