నాకేం తెలుసక్కా!

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో ఒక్క గంట నిలబడితే చాలు, మన ఆడవాళ్లకు ఎంత తెలుసో తెలిసిపోతుంది. తరుగెంత, మజూరీ ఎంత, రాళ్ల తూకం తీసేశాడా లేదా, పాత గొలుసు మారిస్తే ఎంత పోతుంది... అన్నీ నోటి లెక్కలే. అదే మనిషిని బ్యాంకుకు తీసుకెళ్లి ఒక ఫారం చేతికివ్వండి. "నాకేం తెలుసక్కా, మా ఆయన్నడగాల" అంటుంది.

అంగట్లో ఉన్న తెలివి బ్యాంకు మెట్లెక్కేలోపు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. అంగడికి చిన్నప్పట్నుంచి అమ్మ వెంట వెళ్లింది, బ్యాంకుకు వెళ్లలేదు. దాన్నే మనం పిరికితనం అంటాం, 'నా స్వభావమే అంత' అని సరిపెట్టుకుంటాం. ఇంకో సంగతి కూడా ఉంది. "నీకు తెలీదు, ఊరుకో" అని ఇంట్లో ఇరవై ఏళ్లు విన్నాక, ఆ మాట మన నోటినుంచే వస్తుంది. అది మన గొంతో, వేరేవాళ్ల గొంతో ఒకసారి ఆగి చూసుకోవాలి.

మన కడప జిల్లా ఆడపడుచు మొల్లనే చూడండి. బద్వేలు దగ్గర గోపవరం, కుమ్మరింటి పిల్ల. రామాయణం మొదట్లో తనకు నిఘంటువులు తెలీవు, వ్యాకరణం తెలీదు, ఛందస్సు తెలీదు అని వరసగా ఒప్పేసుకుంది. అది కవుల వినయమేనని పండితులంటారు. కావచ్చు. కానీ అంతటితో ఆగలేదు కదా! ఆ వెంటనే, తెలుగు పద్యం వినగానే అర్థం కావాలి, లేకపోతే ఎందుకూ అని తీర్పు కూడా చెప్పింది. తర్వాత ఆరు కాండలూ రాసింది. 'తెలీదు' అన్న మాట ఆమె పనికి అడ్డం రాలేదు.

పులివెందుల వైపు చీనీ తోట ఉన్న ఒకావిడ నాకు తెలుసు. నీళ్ల వంతు, ఎరువుల ఖర్చు, కాయ ఎప్పుడు కోయాలో అన్నీ ఆవిడే చూసుకుంటారు. వ్యాపారి వస్తే మాత్రం లోపలికి వెళ్లిపోయేవారు. ఒక ఏడు ఆయన ఆస్పత్రిలో ఉన్నారు, బేరం ఆవిడే చేయాల్సొచ్చింది. చేతులు వణికాయట. రాత్రే ఒక చీటీ మీద ఖర్చంతా రాసిపెట్టుకుని, "సూటు కింద టన్నుకు ఎంత తీస్తావో ముందు చెప్పన్నా" అని అదొక్కటే అడిగారు. వ్యాపారి విసుక్కుని వెళ్లిపోయాడు. ఆ రెండు రోజులు ఆవిడకు నిద్రలేదు. మూడో రోజు అతనే వచ్చాడు. సూటు పూర్తిగా ఎత్తేయలేదు, కొంత తగ్గించాడు. గుండెదడ పోయాక అడుగుదామనుకుని ఉంటే కాయ చెట్టునే మాగిపోయేది.

ఒంటరిగా కష్టమైతే గుంపుగా వెళ్లండి, అందులో చిన్నతనమేమీ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాయి మీద తిరగబడింది అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిపూట ఒకచోట కూర్చున్నాకే. మరుసటి ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధమైంది. ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు పుట్టాయి. తీర్మానం రాయడం, సంతకం పెట్టడం, మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చోవడం చాలామందికి అక్కడే అలవాటైంది.

ఇక జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో గెలిచిన ఆడ మెంబర్లకు ఒక మాట. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మూడో వంతుగా మొదలైన మన సీట్లు రాష్ట్రంలో సగానికి చేరాయి. అయినా మీటింగుకు భర్త వెళ్లడం, పుస్తకం సంతకానికి ఇంటికి రావడం ఇంకా చూస్తూనే ఉన్నాం. ఈసారి పుస్తకం ఇంటికొస్తే, సంతకం పెట్టకుండా "మీటింగు ఎన్ని గంటలకు?" అని అడగండి. వెళ్లేటప్పుడు తోడుగా పక్కింటావిడను తీసుకెళ్లండి. మొదటి రోజు ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు, మీ పేరున్న కుర్చీలో మీరే కూర్చోండి. రెండోసారికి మీ వీధి కొళాయి సంగతి అడగొచ్చు.