ఆ ఉత్తరం మేం రాయాల్సింది

2018 ఏప్రిల్‌లో హనుమకొండలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనలియర్ విద్యార్థి చేత మేం క్షమాపణ ఉత్తరం రాయించుకున్నాం. ల్యాబ్ సర్వర్‌లోని ప్రాజెక్టు ఫైళ్లు నా అజాగ్రత్త వల్ల పోయాయి, ఇకముందు ఇట్లా జరగనివ్వను అని నాలుగు లైన్లు. కింద సంతకం, హాల్‌టికెట్ నంబరు, తేదీ. పక్కన తండ్రి సంతకం. ఆయన పొద్దున్నే పరకాలలో బస్సెక్కి వచ్చాడు. హెచ్‌ఓడీ గదిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. "మా పోరడు గట్ల చేసెటోడు కాదు సారూ" అని ఒక్క మాట అని, మేం వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాడు.

ఆ గదిలో మేం ఐదుగురం ఉన్నాం. హెచ్‌ఓడీ, ఇద్దరు లెక్చరర్లు, ల్యాబ్ అసిస్టెంట్, సిస్టమ్స్ చూసుకునే నేను. ఆ ఫైళ్లు పోగొట్టింది పిల్లవాడు కాదు, మేం. ఆ సంగతి పందొమ్మిది రోజుల తర్వాత తెలిసింది. తెలిశాక కూడా ఒక్కరం నోరు విప్పలేదు.

ఎట్లా జరిగిందో వరుసగా చెప్తాను. ఇందులో ఒక్కరోజు తప్పు ఏదీ లేదు. ఏళ్ల తరబడి చేసుకుంటూ వచ్చిందే.

మా ల్యాబ్‌లో అరవై మెషీన్లు, ఒక సర్వర్. ప్రాజెక్టులు, రికార్డు ప్రోగ్రాములు అన్నీ సర్వర్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉండేవి. ఆ ఫోల్డర్ ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా ప్రతి మెషీన్‌లోనూ మౌంట్ అయ్యేది. అంటే పక్క గదిలో ఉన్న డిస్కు, తన ముందున్న మెషీన్‌లోనే ఉన్నట్టు విద్యార్థికి కనిపించేది. విద్యార్థులు రెండొందల మందికి పైనే, లాగిన్ మాత్రం అందరికీ ఒక్కటే, 'స్టూడెంట్'. పాస్‌వర్డు బోర్డు మూలన రాసి ఉండేది. మనిషికో ఖాతా తెరవాలని ప్రతి జూన్‌లో అనుకునేవాళ్లం. అడ్మిషన్లు, తనిఖీ ఫైళ్లు, ఇన్విజిలేషన్ డ్యూటీలు వచ్చి పడేవి. మళ్లీ జూన్ వచ్చేది.

ఒక ప్రాక్టికల్స్ రోజు పదింటికి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రావాలి. తొమ్మిదిన్నరకు నలుగురు పిల్లలు లేచి "పర్మిషన్ డినైడ్ వస్తుంది సార్" అన్నారు. యునిక్స్ పద్ధతిలో ప్రతి ఫైలుకూ మూడు వరుసల అనుమతులుంటాయి. యజమానికి ఒకటి, గ్రూపుకు ఒకటి, తక్కిన అందరికీ ఒకటి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, మొత్తం 7. ఆ నలుగురి ఫైళ్లు ఎవరి పేరు మీదున్నాయో చూడటానికి ఒక్క కమాండు చాలు. మేం చూడలేదు. ఫోల్డర్ మొత్తానికి, లోపలున్న వాటన్నిటితో సహా, చ్‌మాడ్ 777 కొట్టేశాం. ఎర్రర్ పోయింది. ఎక్స్‌టర్నల్ వచ్చాడు, టీ తాగాడు, మార్కులు వేసి వెళ్లాడు. తర్వాత సరిచేద్దామన్నది అట్లాగే ఉండిపోయింది. అంతటితో ఆగినా బాగుండేది. మరుసటి ఏడాది ల్యాబ్ మాన్యువల్‌లో అచ్చు వేయించాం, పర్మిషన్ ఎర్రర్ వస్తే 777 ఇవ్వవలెను అని. ఎనిమిది బ్యాచ్‌లు ఆ పేజీ చదువుకుని వెళ్లాయి. ఆ పిల్లలు ఇవాళ హైదరాబాద్, బెంగళూరు, డాలస్‌లలో ఎవరెవరి సర్వర్లో చూసుకుంటున్నారు. దీని గురించి ఆలోచించినప్పుడు నాకు నిద్ర పట్టదు.

ఎన్‌ఎఫ్‌ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చింది. ఒకే ఆఫీసులోని మెషీన్లు ఒకదాన్నొకటి నమ్మే కాలం అది. మామూలు అమరికలో దానికి మనిషి పేరుతో పని లేదు. మెషీన్ నుంచి సర్వర్‌కు వెళ్లేది ఒక అంకె. నేను 1001 అని మెషీన్ అంటే, సర్వర్ నమ్ముతుంది. ఒక్క రూట్‌ను, అంటే మెషీన్ మీద సర్వాధికారాలున్న ఖాతాను, మాత్రం నమ్మదు. ఎక్కడో ఒక మెషీన్‌కు పెత్తందారైనంత మాత్రాన తన ఇంట్లో పెత్తనం చేయనివ్వదు, అనామకుడి కింద జమకడుతుంది. రూట్ స్క్వాష్ అంటారు దాన్ని. ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కాక సతాయిస్తుంటే నేనే దాన్ని తీసేశాను. ఇన్‌స్టాల్ అయింది. గడియ మళ్లీ పెట్టలేదు.

బ్యాకప్ సంగతి ఇంకా ఘోరం. బ్యాకప్‌కు విడిగా ఒక మెషీన్ ఉండేది. సర్వర్ ఫోల్డర్‌ను మౌంట్ చేసుకుని, రాత్రి రెండింటికి ఆర్‌సింక్‌తో తన డిస్కులోకి నకలు తీసేది. అసలులో లేనివాటిని నకలులోనూ తీసెయ్యమనే ఆప్షన్ పెట్టాం, డిస్కు నిండిపోతోందని. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఈ మెషీన్ సర్వర్ కంటే ముందు లేచి, షేర్ దొరకక, బూటింగ్ మధ్యలో ఆగిపోయి కూర్చునేది. ఏదో తేడా ఉందని అది మాకు చెప్తున్నట్టే కదా. మేం నోఫెయిల్ అని ఒక మాట చేర్చాం. మౌంట్ కాకపోయినా పట్టించుకోకుండా ముందుకు పొమ్మని అర్థం. ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీలు పాతవి. బ్యాకప్ మెషీన్ ముందు లేచింది, మౌంట్ కాలేదు, కిక్కురుమనలేదు. మౌంట్ చోట ఖాళీ డైరెక్టరీ ఉంది. రాత్రి రెండింటికి ఆర్‌సింక్ ఆ ఖాళీని చూసి, నకలును కూడా శ్రద్ధగా ఖాళీ చేసింది. మౌంట్ అయిందో లేదో ముందు చూసుకోమని స్క్రిప్టులో ఒక్క లైను రాసి ఉంటే ఆగిపోయేది. వారం దాకా ఆ డిస్కు తెరిచి చూసినవాళ్లు లేరు.

ఆ వారం చివర్లో ఒక మెషీన్ నెమ్మదించింది. అది వేరే ల్యాబ్ నుంచి తెచ్చింది, అందరితో పాటు ఇన్‌స్టాల్ చేసింది కాదు. అందులో ఏదో షార్ట్‌టర్మ్ కోర్సు నాటి పాత ఖాతా ఒకటి ఉంది. ల్యాబ్ అసిస్టెంట్ ఫోన్ చేసి అడిగితే, ఆ ఖాతా ఫైళ్లన్నీ వెతికి తుడిచెయ్యమని నేనే కమాండు చెప్పాను. ఈ డిస్కు దాటి వెళ్లొద్దు అనే చిన్న ఆప్షన్ ఒకటుంటుంది, చెప్పలేదు. ఆ మెషీన్‌లో పాత ఖాతా అంకె 1001. సర్వర్‌లో 1001 అంటే 'స్టూడెంట్', అంటే మా పిల్లలందరూ. కమాండు మౌంట్ దాటి సర్వర్‌లోకి నడిచింది. ఆపడానికి రూట్ స్క్వాష్ లేదు, అది ఉన్నా 777 ముందు నిలిచేది కాదు. పావుగంటలో నలభై ఒక్క ప్రాజెక్టులు పోయాయి.

మర్నాడు ల్యాబ్‌లో ఆడపిల్లలు ఏడ్చారు. మాకు దోషి కావాలి. ముందురోజు సాయంత్రం చివరిదాకా ల్యాబ్‌లో ఉన్నవాడు, మేం నేర్పని కమాండ్లు కూడా తెలిసినవాడు ఒకడున్నాడు. తెలిసినవాడి మీదికే మా అనుమానం పోయింది. "నేను ఆ ఫోల్డర్ తెర్వనే లేదు సార్. ఒక్కసారి లాగ్ చూడుండ్రి సార్" అన్నాడు. మాలో ఒకరు లాగ్ తెరిచి, 'స్టూడెంట్' అనే ఉందిగా అన్నారు. అరవై మెషీన్లలోనూ ఉండేది ఆ పేరే. తానెవరో రుజువు చేసుకునే దారి మేమే మూసేసి, రుజువు చూపించమన్నాం.

పిల్లలు పెన్‌డ్రైవ్‌లు, మెయిళ్లు వెతుక్కుని ప్రాజెక్టులు మళ్లీ కట్టుకున్నారు. నెమ్మదించిన ఆ మెషీన్‌ను ఫార్మాట్ చేయబోతూ నేను ఆథ్ లాగ్ తెరిచాను. సుడోతో రూట్ అధికారం తీసుకుని నడిపిన ప్రతి కమాండూ వేళతో సహా అందులో ఉంటుంది. నా నోటి నుంచి వచ్చిన కమాండు అక్షరం పొల్లుపోకుండా ఉంది. తక్కిన నలుగురికీ చూపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అయిపోయిందేదో అయిపోయింది, పిల్లవాడు పాసై పోతాడు కదా అనుకున్నాం. ఆ మాట మొదట అన్నది నేనే. తక్కిన బ్యాచ్ మొత్తానికీ కండక్ట్ సర్టిఫికెట్‌లో 'గుడ్' అని, అతనికి 'శాటిస్‌ఫ్యాక్టరీ' అని రాసి పంపాం.

ఆఫీసు గదిలోనూ ఇదే ధోరణి. విండోస్ 10 కొత్త మెషీన్లు వచ్చినప్పుడు పాత స్టోరేజీ పెట్టె వాటికి కనబడలేదు. 2017 చివరి నుంచి ఆ విండోస్, మా పెట్టె వాడే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్‌ఎంబీ వన్‌ను తనంతట తాను పెట్టడం మానేసింది. కారణం ఉంది. 2017 మే 12న వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రాం) ఆ దారినే నూటయాభై దేశాలకు పాకింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ కొన్ని చిక్కుకున్నాయి. దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చింది. ఇవన్నీ పేపర్లో చదివీ, ఎస్‌ఎంబీ వన్‌ను మేం చేతులారా ఆన్ చేశాం. 2019 మేలో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్‌కు నిలిచిపోయాయి. ఉత్తర తెలంగాణ సంస్థ ప్రధాన కార్యాలయం మా హనుమకొండ నక్కలగుట్టలోనే ఉంది. ఆ రోజు స్టాఫ్‌రూంలో దాని గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. మా పెట్టె తలుపు బార్లా తెరిచి ఉందన్న మాట ఒక్కరూ ఎత్తలేదు.

ఇప్పుడు మనిషికో ఖాతా ఉంది, ప్రాజెక్టుకో గ్రూపు ఉంది, ఫోల్డర్లకు 2770 ఉంది (గ్రూపులో లేనివాళ్లకు ప్రవేశం లేదు). రూట్ స్క్వాష్ తిరిగి పెట్టాం, ఎస్‌ఎంబీ వన్ తీసేశాం, మాన్యువల్‌లో ఆ పేజీ లేదు. అన్నీ కలిపి రెండు రోజుల పని. ఆ రెండు రోజులు మాకు ఎనిమిదేళ్లు దొరకలేదు.

పాత ఫైల్లోంచి ఆ ఉత్తరం తీశాం. జరిగింది జరిగినట్టు మరో ఉత్తరం రాశాం. ఐదుగురిలో ముగ్గురం సంతకం పెట్టాం, ఇద్దరు పెట్టలేదు. కొత్త కండక్ట్ సర్టిఫికెట్ ఆఫీసులో రాయించాం. రెండూ పట్టుకుని ఈ ఆదివారం నేను పరకాల బస్సెక్కుతున్నాను.