అరిగిపోయింది సరే, అరగదీసిందెవరు?

ఇంగ్లీషులో 'కన్స్యూమ్' చాలా మామూలు క్రియ. తినడం, తాగడం, వాడటం, ఖర్చుపెట్టడం, తగలబెట్టడం, మిగలకుండా హరించడం, అన్నిటికీ అదే మాట. దాని లాటిన్ మూలానికి పూర్తిగా తీసేసుకోవడమని అర్థం. మంట ఇంటిని కన్స్యూమ్ చేస్తుంది, జబ్బు మనిషిని కన్స్యూమ్ చేస్తుంది. అందుకే ఇంగ్లీషువాళ్ళు ఒకప్పుడు క్షయవ్యాధిని 'కన్సంప్షన్' అన్నారు. తొలిరోజుల్లో ఈ మాటకి దాదాపు అన్నీ చెడ్డ అర్థాలేనని రేమండ్ విలియమ్స్ 1976లో వచ్చిన 'కీవర్డ్స్' పుస్తకంలో గుర్తుచేశాడు. 18వ శతాబ్దంలో అర్థశాస్త్రం దాన్ని అందుకుని మర్యాదస్తురాల్ని చేసింది. హరించేవాడు కాస్తా కొనుక్కునే పెద్దమనిషి అయ్యాడు.

తెలుగులోకి వచ్చేసరికి మిగిలిన ఆ కాస్త మసి కూడా కడిగేశాం. ప్రభుత్వం 'వినియోగం' అంది. మన అభ్యుదయవాదులు 'వినిమయ సంస్కృతి' అన్నారు. వినిమయమంటే ఇచ్చిపుచ్చుకోవడం. ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు అని ఎవరూ అడగలేదు. హరించుకుపోవడమనే అసలు అర్థం ఒక్క 'క్షయ'లోనే మిగిలింది. దాన్ని ఆస్పత్రికి వదిలేశాం. ఇక ఆ పని చేసే మనిషి చట్టం గురించి రాసేటప్పుడు 'వినియోగదారుడు', అంటే మగవాడు. టీవీ ప్రకటనలో మాత్రం ఆడది. సబ్బుపొడి, వంటనూనె, కుక్కరు చేతబట్టుకుని నవ్వుతూ ఉంటుంది. ప్రపంచీకరణ వచ్చాక స్త్రీలంటే కొనేవాళ్ళు, దుబారా చేసేవాళ్ళు అనే బొమ్మ మరీ స్థిరపడింది.

ఈ బొమ్మకి లెక్కల అండ కూడా ఉంది. సొంత ఇంట్లోవాళ్ళకి జీతం లేకుండా చేసే వంట, శుభ్రం, పిల్లల పెంపకం, ముసలివాళ్ళ సేవ ఉత్పత్తి కిందికి రావని ఐక్యరాజ్యసమితి జాతీయ ఖాతాల పద్ధతి గీత గీసింది. బియ్యం కొంటే వినియోగం, ఆ బియ్యాన్ని అన్నం చేస్తే ఏమీ కాదు. 1988లో మారిలిన్ వారింగ్ 'ఇఫ్ విమెన్ కౌంటెడ్'లో ఈ గీత మీదే పోట్లాడింది. 2011 జనగణనలో కూడా కేవలం ఇంటిపని చేసే స్త్రీ 'పనిచేయనివారి' వరసలోనే ఉంది. అదే ప్రభుత్వం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ఏం చెప్పింది? ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు చేసే మగవాళ్ళు నూటికి 26 మందే! దాదాపు అయిదు గంటలు తన ఒంటి సత్తువ ఖర్చుపెట్టే మనిషికి మనం పెట్టిన పేరు వినియోగదారు.

పోనీ, ఆమె తింటోందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. అదే వయసు మగవాళ్ళలో 25 శాతం. డబ్బాలో బియ్యం అయిపోతే 'అయిపోయాయి' అనకూడదనీ, 'నిండుకున్నాయి' అనాలనీ మనకి చిన్నప్పుడే నేర్పుతారు. అందమైన మాటే. కానీ లేమిని నిండుదనంగా చెప్పే ఆ శిక్షణ ఇంట్లో ఎవరికి ఎక్కువ అందింది? గిన్నె నిండుకున్న రాత్రి 'నాకు ఆకలిగా లేదు' అనేది ఎవరు?

ఇప్పుడు మన క్రియల్ని చూద్దాం. 'డబ్బంతా చీరలకే తగలేసింది', 'నా ప్రాణం తినేస్తోంది', 'మొగుణ్ణి మింగింది'. హరించడం గురించి మాట్లాడేటప్పుడు స్త్రీ కర్త అయితే అది తిట్టు. మరి హరించుకుపోయేది ఆమే అయినప్పుడు? 'అరిగిపోయింది', 'కరిగిపోయింది', 'అలిసిపోయింది', 'చిక్కి సగమైంది'. ఈ క్రియలకి కర్మ అక్కర్లేదు, చేసినవాడితో అసలు పనే లేదు. వర్షం కురిసినట్టు, పొద్దు గూకినట్టు ఆమె తనంతట తానే అరిగిపోతుంది. 'వాడు' అంటే మగవాడు, 'వాడు' అంటే ఉపయోగించుకో, 'వాడు' అంటే కమిలిపోవడం కూడా. ఈ మూడూ ఒకేలా వినిపించడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ మూడింటినీ కలిపి ఒక్క వాక్యం రాయడానికి మనమెందుకింత జంకుతాం?

అక్షయపాత్ర కథ అందరికీ తెలిసిందే. అడవిలో సూర్యుడు ధర్మరాజుకిచ్చిన ఆ పాత్రలో వంటకాలు ద్రౌపది తినేదాకా తరగవు. ఆమె తిన్నదంటే ఆ రోజుకి ఇక ఖాళీ. మహిమ అంతా పాత్రదేనని చెప్పుకుంటూ వచ్చాం. నిజానికి ఆడమనిషి ఆఖర్న తినడమే ఆ మహిమకి షరతు. ఆమె తిన్నాక దుర్వాసుడు శిష్యులతో దిగితే కంగారుపడాల్సింది కూడా ఆమే.

తరగని పాత్ర అనుకున్న శరీరం తరిగిపోయాక ఏమవుతుంది? గర్భసంచి తొలగింపు గురించి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తొలిసారి లెక్కలు తీసిన 2015-16లో మొదటి రెండు స్థానాలూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు?' అనే మాట మన పల్లెల్లో ఎవరికి కొత్త? అది వాడకం పూర్తయిన వస్తువు గురించి అనే మాట. 'గర్భసంచి పోయింది' అని ఆమె చెబుతుంది. అక్కడా కర్త లేడు.

ఇదంతా మాటల గారడీ, క్రియ మారిస్తే చాకిరీ తగ్గుతుందా అని అడిగేవాళ్ళుంటారు. తగ్గదు. కానీ ఆలుమగల గొడవ అన్నంతకాలం కొట్టినవాడు కనిపించలేదు. దానికి గృహహింస అని పేరుపెట్టాం గనకే 2005లో ఆ పేరుతో చట్టం అడిగి తెచ్చుకోగలిగాం. కర్త లేని నేరానికి ఫిర్యాదు ఉండదు.

అందుకే ఈ పేచీ ముందు రాసేవాళ్ళతోనే. మన కథల్లో, కవితల్లో, స్మృతి వ్యాసాల్లో అమ్మలు ఇంకా కొవ్వొత్తుల్లా కరుగుతున్నారు, గంధపుచెక్కల్లా అరుగుతున్నారు. గంధపుచెక్క తనంతట తాను అరగదు. సాన మీద పెట్టి రుద్దే చెయ్యి ఒకటుంటుంది. ఆ గంధం పూసుకున్న ఒళ్ళూ ఒకటుంటుంది. ఆ ఒళ్ళు తండ్రిది కావచ్చు, కొడుకుది కావచ్చు, పనిమనిషి చాకిరీ మీద చదువుకుని ఉద్యోగాలు చేసే మనలాంటివాళ్ళదీ కావచ్చు. అనువాదాలు చేసేవాళ్ళూ, పాఠాలు చెప్పేవాళ్ళూ 'వినియోగం' అని రాసిన ప్రతిచోటా ఎవరు, ఎవరిని అని రెండు ప్రశ్నలు వేసుకోవాలి. 'అమ్మ అరిగిపోయింది' అని రాసి కళ్ళు తుడుచుకోవడం తేలిక. 'అమ్మని మేం అరగదీశాం' అని రాయడం కష్టం. ఆ కష్టమైన వాక్యమే ఇప్పుడు రాయాలి.