ఎదుటి వెదురును చూసి లోహం ఎంచాలి

జపాన్‌లో 2012 ఏప్రిల్ నుంచి మాధ్యమిక పాఠశాల పిల్లలకు వ్యాయామ విద్యలో భాగంగా యుద్ధవిద్య తప్పనిసరి అయింది. జూడో, కెండో, సుమో వంటివాటిలో బడి ఏది నేర్పితే అది. భారతీయులు ఎక్కువగా ఉండే టోక్యోలోని నిషి కసాయ్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, జపాన్ బడులకు వెళ్లే పిల్లలకూ ఇది వర్తిస్తుంది. వెదురు కత్తితో ఆడే కెండో బడి గంటతో ఆగకుండా పిల్లవాడికి ఇష్టంగా మారితే ముసుగు కొనే రోజు వస్తుంది. 'మెన్' అని పిలిచే ఆ ముసుగులో తలను, భుజాలను కప్పే మందపాటి కుట్టుగుడ్డ ఉంటుంది, ముఖానికి ఊచల జాలీ ఉంటుంది. ఆ జాలీని డ్యూరాలుమిన్ అనే అల్యూమినియం మిశ్రమలోహంతో చేశారా, టైటానియంతోనా, ఉక్కుతోనా అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. కొనేవారికి సహజంగా తోచే ప్రశ్నలు రెండు: ఏది గట్టిది, ఏది తేలిక. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ వాటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందని నా వాదన. ఈ లోహం ఎదుటివారి చేతిలోని వెదురును ఏం చేస్తుంది?

ఈ ప్రశ్నకు మూలం కెండో చరిత్రలోనే ఉంది. మన కర్రసాములో ముఖానికి కవచం ఉండదు కాబట్టి తలకు గురిపెట్టిన దెబ్బను అవతలివాడు అడ్డుకోవాలి, లేదా కొట్టేవాడే చేయి ఆపుకోవాలి. జపాన్ కత్తి సాధన కూడా చాలాకాలం అలాగే, చెక్క కత్తులతో ముందే అనుకున్న వరుసల్లో సాగింది. 1711-16 మధ్య నాగనుమా షిరోజాయెమోన్ కునిసాతో అనే కత్తి గురువు ముసుగును, చేతి తొడుగులను మెరుగుపరిచి వెదురు కత్తితో సాధన చేయించాడు. 1751-64 మధ్య నకానిషి చూజో త్సుగుతాకె అనే మరో గురువు ఇనుప ఊచల ముసుగును, వెదురు కవచాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఈ మార్పులతో పూర్తి బలంతో తలమీద కొట్టే సాధన సాధ్యమైంది. అంటే ముసుగూ వెదురు కత్తీ జంటగా పెరిగాయి. 'షినాయ్' అనే ఆ వెదురు కత్తిని నాలుగు బద్దలు కలిపి, కొనకు, పిడికి తోలు తొడిగి కడతారు. పెద్దవారి పోటీల్లో దాని పొడవు 120 సెంటీమీటర్లు మించకూడదు; పురుషులకైతే బరువు 510 గ్రాములకు, స్త్రీలకైతే 440 గ్రాములకు తగ్గకూడదు. అంత బరువున్న వెదురు ప్రతి సాధనలో వందలసార్లు ముసుగు మీద, పై వరస ఊచల మీద పడుతుంది. ఆ దెబ్బల వల్ల లోహానికి ఏమవుతుందో అందరూ ఆలోచిస్తారు. వెదురుకు ఏమవుతుందో తక్కువమంది ఆలోచిస్తారు.

ఆలోచించాల్సిన కారణం సూటిగా చెబుతాను. పెద్దల ముసుగులో మామూలుగా 14 అడ్డ ఊచలు ఉంటాయి. పైనుంచి ఆరు, ఏడు ఊచల మధ్య సందును చూపు కోసం కాస్త వెడల్పుగా వదులుతారు. ఏ లోహంతో చేసినా ఈ సందు సందే. బద్ద నిలువునా చీలి, సన్నని పేడు ఊచల మధ్యనుంచి దూరితే, ఊచ ఉక్కుదైనా టైటానియందైనా కన్నును కాపాడలేదు. కెండోలో భయపడాల్సింది జాలీ విరగడం గురించి కాదు, కత్తి చీలడం గురించి. ఇతర ఆటలూ ఈ పాఠాన్ని బాధాకరంగా నేర్చుకున్నాయి. 1982 జులైలో రోమ్‌లో జరిగిన ఫెన్సింగ్ ప్రపంచ పోటీల్లో తగిలిన గాయంతో ఒలింపిక్ విజేత వ్లాదిమిర్ స్మిర్నోవ్ చనిపోయాడు. ప్రత్యర్థి కత్తి విరిగి, ఆ మొన అతని ముసుగు వలను చీల్చుకుని లోపలికి దిగింది. ఆ తర్వాత ఫెన్సింగ్ ముసుగుల పరీక్షలు కఠినమయ్యాయి, దాంతోపాటు తేలిగ్గా విరగని ప్రత్యేక ఉక్కు కత్తులు కూడా వచ్చాయి. కవచాన్ని, ఆయుధాన్ని కలిపి ఆలోచించడమంటే అదే. మనకు బాగా తెలిసిన క్రికెట్‌లో 2014 ఆగస్టులో మాంచెస్టర్‌లో వరుణ్ ఆరోన్ వేసిన బంతి స్టువర్ట్ బ్రాడ్ హెల్మెట్ అంచుకూ గ్రిల్‌కూ మధ్య సందులోంచి దూరి ముక్కు విరగ్గొట్టింది. అక్కడ గ్రిల్ లోహం బలహీనమై కాదు, బంతికి దారి దొరికి దెబ్బ తగిలింది. క్రికెట్‌లో ఆ దారిని మూసేయవచ్చు, ఎందుకంటే బంతి పరిమాణం మారదు. వెదురు పేడుకు ఒక కొలత లేదు. ఊచలను దగ్గర చేసుకుంటూ పోతే ఆడేవారికి ఎదుటిమనిషి కనపడడు. కాబట్టి కెండోలో మిగిలిన మార్గం పేడు పుట్టకుండా చూడటమే.

ఇప్పుడు లోహాల దగ్గరికి వద్దాం. ఘన సెంటీమీటరుకు ఉక్కు సుమారు 7.85 గ్రాములు, టైటానియం 4.5, డ్యూరాలుమిన్ 2.8 తూగుతాయి. వంగకుండా నిలిచే గుణంలో ఉక్కును 200 అనుకుంటే టైటానియం సుమారు 110, డ్యూరాలుమిన్ 70 పైచిలుకు. అంటే ఒకే మందంలో డ్యూరాలుమిన్ ఊచ ఉక్కు ఊచకంటే దాదాపు మూడింతలు వంగుతుంది. దీన్ని చూసి డ్యూరాలుమిన్ పనికిరాదనుకోవద్దు. గుండ్రటి ఊచను పది శాతం లావు చేస్తే దాని బిగువు 46 శాతం పెరుగుతుంది, బరువు 21 శాతమే పెరుగుతుంది. తయారీదారుకు ఈ లెక్క తెలుసు. పైగా అల్యూమినియానికి రాగి వంటివి కలిపి చేసే ఈ మిశ్రమలోహం ఒకప్పుడు విమానాలను మోసింది. జపాన్‌లో 1936లో ఇగరాషి ఇసాము తయారుచేసిన మరింత దృఢమైన రకంతోనే జీరో యుద్ధవిమానపు రెక్కల వెన్నుదూలాలు చేశారు. వెదురు దెబ్బకు అది తట్టుకోదా అన్న సందేహం అనవసరం. బలంలో మూడు లోహాలూ పాసవుతాయి. తేడా ఊచ పైపొరలో ఉంది, కొనేవారు చూడనిది అదే.

డ్యూరాలుమిన్ మెత్తనిది. రోజూ ఒకేచోట దెబ్బలు పడితే పై ఊచల రంగు పెచ్చులుగా లేస్తుంది. ఆ కింద బయటపడిన లోహానికి చెమటలోని ఉప్పు తగులుతుంది. రాగి కలిసిన అల్యూమినియానికి ఉప్పుతో పడదు, సన్నని గుంటలు పడతాయి. గుంటలు పడిన ఊచ ఆకురాయిలా మారుతుంది. దానిమీద షినాయ్ పడి జారిన ప్రతిసారీ వెదురు పైచర్మం కొంచెం గీరుకుపోతుంది. వెదురు బలం చాలావరకు ఆ బయటి పొరలో దట్టంగా ఉన్న నారలోనే ఉంది. ఆ నార తెగినచోట పేళ్లు లేస్తాయి, వాటినే జపనీయులు 'ససకురె' అంటారు. సాధకులు వాటిని కత్తితో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, నూనె పూస్తారు. అయినా ఎన్నిసార్లని చెక్కుతారు? చెక్కినకొద్దీ బద్ద పలచబడుతుంది. టైటానియం కథ వేరు. దానిపై సహజంగా ఏర్పడే ఆక్సైడ్ పొర గీత పడ్డ వెంటనే మళ్లీ కట్టుకుంటుంది, చెమట ఉప్పు దాన్ని దాదాపు ఏమీ చేయలేదు. అదీగాక అది గట్టిది, కాబట్టి సొట్టలు, గీతలు తక్కువ. రంగు పోయినా ఊచ నున్నగానే ఉంటుంది. నా ముసుగు నాకు ఎంత హాయిగా ఉందన్న లెక్కలోకి ఇది రాదు. నా ముసుగు గరుకైతే చీలేది నన్ను కొట్టినవారి కత్తి, ఆ చీలిన కత్తి తర్వాత తగిలేది మూడోవారి ముఖానికి. సాధనశాలలో కవచం ఎవరి సొంత వ్యవహారమూ కాదని నేననేది ఇందుకే.

బరువు సంగతేమిటని అడుగుతారు. రెండు వైపులనుంచీ అడుగుతారు. తేలిక ముసుగుతో మెడకు నొప్పి ఉండదని కొందరు, బరువైన జాలీ దెబ్బ అదురును పీల్చుకుంటుందని మరికొందరు. రెండో మాటలో భౌతికశాస్త్రం లేకపోలేదు: కదలాల్సిన బరువు పెరిగితే అదే దెబ్బకు తల కదలిక తగ్గుతుంది. అయితే పెద్దవారి తల ఒక్కటే నాలుగున్నర, ఐదు కిలోలు ఉంటుంది. జాలీ లోహం మారితే వచ్చే తేడా వందల గ్రాముల్లోనే. అదురును పీల్చే అసలు పని తలమీది కుట్టుగుడ్డది, గడ్డానికి, నుదుటికి ముసుగు సరిగ్గా ఆనడానిది. వదులు ముసుగుకు బరువైన జాలీ తగిలిస్తే అది దెబ్బతోపాటు ఊగి మెడను లాగుతుంది. పెద్దవారి మెడకు టైటానియం బరువు భారమేమీ కాదు. ఎదిగే పిల్లల మెడ విషయంలో మాత్రం తేలిక వాదన గెలుస్తుంది, అక్కడ నేను వాదించను. ఉక్కుకు సంప్రదాయం అండగా ఉన్నా, బరువులోనూ తుప్పులోనూ అది వెనకబడింది. నకానిషి ఇనుము వాడింది అతని కాలంలో టైటానియం లేదు కాబట్టి.

గట్టి అభ్యంతరం డబ్బుది. ఖర్చు పెరిగితే మధ్యతరగతి పిల్లలకు ఆట దూరమవుతుంది, అది నిజమైన నష్టం. ఇక్కడ ఒక విషయం గమనించాలి. జాలీని కుట్టుగుడ్డకు చుట్టూ కుట్టేస్తారు. ఊచలు పాడైతే కుట్లన్నీ విప్పి మళ్లీ కట్టాలి, ఆ కూలి కొత్త చవక ముసుగు ధరతో పోటీపడుతుంది. అందువల్ల జాలీ ఆయుష్షూ గుడ్డ ఆయుష్షూ సరిపోలాలి. రెండు మూడేళ్లలో పొట్టయిపోయే పిల్లల ముసుగుకు మరకుట్టు గుడ్డ, డ్యూరాలుమిన్ జాలీ సరైన జోడీ. అక్కడ టైటానియం దండగ. ఏళ్ల తరబడి వాడదామని చేతికుట్టు ముసుగు చేయించుకునే పెద్దవారు మాత్రం దానికి మెత్తని జాలీ పెట్టించుకోవడం తప్పు.

కార్బన్ ఫైబర్ షినాయ్ వచ్చాక ఈ చర్చ పాతబడిందనీ వినవచ్చు. అది వెదురులా చీలదు, నిజమే. కానీ దాని పైపొర కూడా గరుకు ఊచకు అరుగుతుంది, లోపలి నల్లని నార బయటపడితే దాన్ని పక్కన పెట్టాల్సిందే. ముసుగు లోపల కళ్లకు పారదర్శక పలక బిగించుకోవచ్చు కదా అన్నది ఇంతకంటే మంచి సూచన. కొవిడ్ వచ్చాక జపాన్‌లో నోటి దగ్గర షీల్డులు పెట్టుకుని సాధన చేశారు, కాబట్టి ముసుగులో పలక పెట్టుకోవడం కొత్త సంగతేమీ కాదు. కళ్ల పలకకు నా మద్దతు ఉంది. కాకపోతే అది ఒక్కరి కళ్లనే కాపాడుతుంది, వెదురు చీలడాన్ని ఆపదు.

కొనే తల్లిదండ్రులకు, వాడే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ముసుగు కొత్తదైనా పాతదైనా, బడి అరువిచ్చినదైనా, కట్టుకునే ముందు పై నాలుగు ఊచల మీద బొటనవేలు పెట్టి రుద్దండి. సాధన అయ్యాక చెమట తుడవండి. వేలికి గరుకు తగిలిన రోజున ఆ ముసుగుతో ఎవరి ముందూ నిలబడకండి.