ప్రశ్నార్థకం కొడితే ఏం కనిపించాలి?

సావనీరుకి ఏదైనా రాసివ్వమని మన యూనియన్ కార్యదర్శి అడిగారు. కవిత్వం నా వల్ల కాదు. రాజకీయాలు రాసేవాళ్లు నాకంటే గట్టివాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని మా స్టాటిస్టిక్స్ ల్యాబులో జరిగే ఒక చిన్న అన్యాయం గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వారు. మీరూ నవ్వండి, కాని చదివాక నవ్వండి.

మా ల్యాబులో లెక్కలన్నీ 'ఆర్' అనే భాషలో చేస్తాం. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు మొదలుపెట్టిన భాష ఇది. 1995 నుంచి ఎవరైనా పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు. ఏ ఫంక్షన్ సంగతైనా తెలియకపోతే దాని పేరు ముందు ప్రశ్నార్థకం కొడితే చాలు, దాని సహాయపత్రం తెరుచుకుంటుంది. గొడవంతా ఆ తెరుచుకోవడం దగ్గరే ఉంది.

పోయిన సంవత్సరం రెండు నమూనాల టి పరీక్ష చేయమన్నారు. లెక్క 'స్లీప్' అనే పాత దత్తాంశం మీద. స్టూడెంట్ అనే మారుపేరుతో గాసెట్ 1908లో రాసిన వ్యాసంలో వాడిన అంకెలే అవి: రెండు నిద్రమందులు, ఒక్కోదానికి పది అంకెలు. (నిజానికి ఆ రెండు మందులూ వేసింది ఒకే పదిమందికి. అది ఇంకో గొడవ.) పుస్తకం ప్రకారం చేత్తో లెక్కకడితే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ పదీ పదీ ఇరవైలోంచి రెండు పోతే 18. కంప్యూటరేమో 17.776 అంది. క్లాసంతా రికార్డులో 18 అనే రాసుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నేను ప్రశ్నార్థకం కొట్టాను. నల్లటి తెర మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు కిందిదాకా నిండిపోయాయి. ఆ తర్వాత ఏ మీట నొక్కినా వెనక్కి రాదు. క్యూ అనే అక్షరం కొడితే బయటపడతామని నాకెవరూ చెప్పలేదు. చివరికి కిటికీ మొత్తం మూసేశాను. గంటసేపు చేసిన పనీ దాంతోపాటే పోయింది. పక్కవాడి నోట్సు చూసి రాసుకున్నాను.

సెలవుల్లో ఊరెళ్లినప్పుడు మా పెద్దనాన్న కొడుకు పాత ల్యాప్‌టాప్‌లో అదే పని చేశాను. అది విండోస్ మెషీను. అక్కడ సహాయపత్రం బ్రౌజర్‌లో తెరుచుకుంది. అక్షరాలు నాకు కావలసినంత పెద్దవి చేసుకున్నాను. 'వేర్ డాట్ ఈక్వల్' అనే మాట దగ్గర సంగతి బయటపడింది. రెండు వ్యత్యయాలూ సమానమని మనం చెబితేనే పుస్తకంలో ఉన్న పద్ధతి. చెప్పకపోతే వెల్చ్ పద్ధతి. అందుకే 17.776. మా ఇంట్లో నెట్ లేదు, అయినా ఆ పేజీ వచ్చింది. 2009లో వచ్చిన 2.10 వెర్షన్ నుంచి అడిగినప్పుడల్లా ఆర్ తనలోంచే పేజీ తయారుచేసి ఇస్తుంది. మూలం ఒక్కటే. అదే టెక్స్టుగా, హెచ్‌టీఎంఎల్‌గా, లాటెక్ ఉంటే పీడీఎఫ్‌గా కూడా కనిపిస్తుంది.

మా నాన్న పురుగుమందు డబ్బా తెచ్చినప్పుడల్లా లోపలి కాగితం విప్పి నా చేతికిస్తాడు. తెలుగు అందులోనూ ఉంటుంది, కాని ఆ అక్షరాలకి భూతద్దం కావాలి. నేను ఊళ్లో లేకపోతే డబ్బా మీది రంగు త్రికోణం చూస్తాడు. ఎరుపైతే భయం, ఆకుపచ్చైతే కాస్త ధైర్యం. ఎకరాకి ఎంత కొట్టాలో మాత్రం రంగు చెప్పదు గదా! అది కొట్టువాడు చెప్పిందే. మా ల్యాబులో కొట్టువాడు పక్కవాడి నోట్సు.

దీనికి మందు ఒక్క వరస. 'ఆప్షన్స్' అని రాసి, బ్రాకెట్లో 'హెల్ప్ అండర్‌స్కోర్ టైప్' ఈక్వల్స్ అని, కోట్స్ మధ్య 'హెచ్‌టీఎంఎల్' అని కొడితే ల్యాబులోనూ పేజీ బ్రౌజర్‌లోకి వస్తుంది. రోజూ కొట్టనక్కర్లేకుండా 'డాట్ ఆర్ ప్రొఫైల్' అనే ఫైల్లో రాసి పెట్టుకోవచ్చు. ఆర్ మొదలైనప్పుడల్లా దాన్ని చదువుకుంటుంది. నేను రాసుకున్నాను. మర్నాటికి లేదు. మా ల్యాబులో అందరికీ ఒకటే లాగిన్, సాయంత్రం అన్నీ తుడిచేస్తారు. అందరికీ వర్తించే 'ఆర్‌ప్రొఫైల్ డాట్ సైట్' అనే ఫైలు వేరే ఉంది. దానిలో ఆ వరస వేయమని అడిగితే, ల్యాబు సెట్టింగులు విద్యార్థుల పని కాదన్నారు. మరి చదవాల్సింది ఎవరండీ?

మా సార్లలో ఒకరు టెక్స్టే మేలంటారు. చెయ్యి కీబోర్డు మీంచి తియ్యక్కర్లేదు, స్లాష్ కొట్టి మాట వెతుక్కోవచ్చు, దూరాన ఉన్న మెషీనులోకి లాగినై పనిచేస్తుంటే అదే గతి. నిజమే, నేను కాదనను. నా రూమ్మేటుకీ అదే ఇష్టం. సైట్ ఫైల్లో ఏం రాసినా తనకి కావలసినవాడు మళ్లీ టెక్స్టుకి మార్చుకుంటాడు, ఆ ఒక్క పేజీకే అయినా మార్చుకోవచ్చు. మార్చుకోవచ్చని తెలిసినవాడికి ఏదైనా ఒకటే. ఇబ్బందల్లా నాలాగా కంప్యూటర్ మొహం డిగ్రీలోనే చూసినవాళ్లకి. మొదటిరోజు నల్లతెర చూసి బెదిరినవాడు మళ్లీ ప్రశ్నార్థకం జోలికి పోడు, మూడేళ్లూ నోట్సే నమ్ముకుంటాడు.

ప్రాక్టికల్ పరీక్షలో సహాయపత్రం తెరవనివ్వకపోవడం కూడా నాకు నచ్చదు. అది కాపీ కిందికి వస్తుందంటారు. వ్యత్యయాలు సమానమైతే ఏం రాయాలో ఆ పత్రం చెబుతుంది. నా చేతిలో ఉన్న అంకెల్లో అవి సమానమో కాదో చెప్పదు గదా! మార్కులు ఆ రెండోదానికి వేయండి.

ముప్ఫై ఒక్క సంతకాలతో డిపార్ట్‌మెంటుకి అర్జీ ఇచ్చాం. ప్రస్తుతానికి కిటికీ పక్కనున్న రెండు మెషీన్లలో మాత్రం ఆ వరస వేశారు. ప్రాక్టికల్ ఉన్న రోజున ఆ రెండింటి దగ్గర బెంచీ దొరకాలంటే పావుగంట ముందే రావాలి.