నాటిన పన్నూ, పుట్టిన పన్నూ

నూజివీడు చిన్నరసాలు బుట్టల్లో దిగే రోజులొస్తే మన ఇళ్లలో పళ్ల సందుల్లో పీచు ఇరుక్కోవడం మామూలే. సొంత పళ్లయితే పుక్కిలించి, బ్రష్షు చేసుకుని ఊరుకుంటాం. మరి ఊడిన పన్ను స్థానంలో ఇంప్లాంటు వేయించుకున్న వారి మాటేమిటి? "లోహమే కదమ్మా, పుచ్చుతుందా ఏమన్నానా!" అని దాని జోలికే వెళ్లనివారు చాలామంది. పుచ్చదు, నిజమే. కానీ దాని చుట్టూ ఉన్న చిగురూ, ఎముకా మనవేగా!

తేడా తెలియాలంటే రసం పండు టెంకను తలుచుకోండి. ఎంత చీకినా పీచు టెంకను వదలదు. మన సొంత పన్నూ అంతే. పంటి వేరుకీ దవడ ఎముకకీ మధ్య సుమారు పావు మిల్లీమీటరు సందు ఉంటుంది. అందులోని సన్నటి నారపోగులు ఒక కొస వేరులో, ఇంకో కొస ఎముకలో పాతుకుని ఉంటాయి. పైన చిగురు పోగులు కూడా వేరులోకి నాటుకుని, పాచిలోని క్రిములు కిందికి దిగకుండా అడ్డుపడతాయి.

ఇంప్లాంటుకి ఈ నార లేదు. టైటానియం స్క్రూకి ఎముకే నేరుగా అతుక్కుంటుంది. స్వీడన్‌కు చెందిన బ్రానెమార్క్ ఈ సంగతి గమనించి, 1965లో మొదటిసారి ఒక మనిషికి ఇలా పళ్లు అమర్చారు. పట్టు గట్టిదే, సందేహం లేదు. చిక్కంతా చిగురు దగ్గరే. అక్కడి పోగులు లోహంలోకి దిగలేవు కదా, పందిరి రాటకు చుట్టిన తాడులా పక్కనే ఉండిపోతాయి. నార లేదు గనుక దానిగుండా వచ్చే రక్తమూ లేదు. అందుకే పాచి పేరుకుంటే వాపు లోపలికి దిగడం సులువు.

మొదట చిగురు ఎర్రబడుతుంది, బ్రష్షు తగిలితే నెత్తురు వస్తుంది. అప్పుడే డాక్టరు దగ్గర శుభ్రం చేయించుకుంటే సాధారణంగా సర్దుకుంటుంది. అశ్రద్ధ చేస్తే ఎముక కరగడం మొదలవుతుంది, కరిగిన ఎముకను తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. నొప్పి ఉండకపోవచ్చు కూడా! పన్ను కదిలేదాకా ఆగారంటే పరిస్థితి చెయ్యి దాటినట్టే. చక్కెర జబ్బు ఉన్నవారు, సిగరెట్టో చుట్టో కాల్చే ఇంటాయన ఉన్నవారు (ఇంప్లాంటు ఆయనదైతే!) మరీ జాగ్రత్తగా ఉండాలి.

రసాలు తిన్నాక చీపురుపుల్లతోనో, పిన్నీసుతోనో కెలకకండి. పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్షులు మందుల షాపుల్లో దొరుకుతాయి. ఏ సైజు కావాలో మీ డాక్టరునే అడగండి. పన్ను బిగించిన రోజు తీసిన ఎక్స్‌రేను పారేయకుండా బీరువాలో దాచుకోండి. తరువాత ఎముక తగ్గిందీ లేనిదీ దానితో పోల్చే చూస్తారు.

ఇంకో సంగతి. అన్నంలో చిన్న రాయి తగిలినా సొంత పన్ను ఠక్కున ఆగిపోతుంది, ఆ నారలో స్పర్శ ఉంటుంది గనుక. ఇంప్లాంటుకి ఆ చురుకు తక్కువ, కుదుపును ఓర్చుకునే మెత్తదనమూ లేదు. అందుకని ఆవకాయ ముక్క టెంకను ఆ పక్కన పెట్టి కొరక్కండి. బియ్యంలో రాళ్లు కూడా ఇంకోసారి చూసి ఏరండి.